కర్త లేని వాక్యం: కార్ఖానా ప్రమాదాల నమోదు చరిత్ర

దినపత్రికల జిల్లా పేజీలు చదివే అలవాటున్న వాళ్లందరికీ పరిచయమైన వాక్యం ఒకటుంది: “ప్రమాదవశాత్తు యంత్రంలో చెయ్యి పడి కార్మికునికి తీవ్ర గాయాలు.” బడిలో వ్యాకరణం చెప్పేటప్పుడు పిల్లల్ని అడిగే ప్రశ్నలే ఈ వాక్యాన్నీ అడిగి చూద్దాం. పడింది ఏది? చెయ్యి. ఎవరి చెయ్యి? కార్మికునిది. పడేటట్టు చేసిందెవరు? జవాబు లేదు. ఆ యంత్రానికి కంచె ఎందుకు లేదు, ఆ మనిషి అప్పటికి ఎన్ని గంటలుగా పనిలో ఉన్నాడు, యంత్రాన్ని ఆపే మీట ఎంత దూరంలో ఉంది? వీటిలో ఏ ఒక్కదానికీ ఆ వాక్యంలో చోటు లేదు.

మన భాషలో తెగు, కాలు, కూలు, మునుగు అనే క్రియలున్నాయి. వాటి పక్కనే తెంచు, కాల్చు, కూల్చు, ముంచు అనేవీ ఉన్నాయి. మొదటి వరసలో పని దానంతటదే జరిగిపోతుంది. రెండో వరసకు చేసినవాడొకడు కావాలి. శ్రామికుని శరీరం విషయానికి వచ్చేసరికి మన పత్రికలూ, ఆఫీసు కాగితాలూ, తరచుగా మన కథలూ మొదటి వరస దాటి రావు. చెయ్యి తెగింది, కప్పు కూలింది, మనిషి కాలిపోయాడు. అంతే. ఆ మాటకొస్తే “ప్రమాదం” అన్న మాటనే చూడండి. సంస్కృతంలో దానికి ఏమరుపాటు, అజాగ్రత్త అని అర్థం. అంటే మాటలోనే ఒక ప్రశ్న ఇమిడి ఉంది: ఎవరి ఏమరుపాటు? వాడుకలో అర్థం మారి, ఆ ప్రశ్న రాలిపోయి, చివరికది పిడుగుపాటు వంటి దైవఘటనకు పేరుగా మిగిలింది.

ఇది కేవలం భాషకు సంబంధించిన ముచ్చట కాదు. పనిచోట దెబ్బ తగిలితే ఆ సంగతి ఎవరు, ఎవరికి, ఎన్ని గంటల్లోగా రాసి తెలియజెయ్యాలన్నది 180 ఏళ్లుగా చట్టం చెబుతూనే ఉంది. ఆ చట్టాల చరిత్రను తరచి చూస్తే అది ఒక రచనా చరిత్ర. శ్రామికుని గాయాన్ని రాసే కలం ఎవరి చేతిలో ఉండాలి, రాసిన కాగితాన్ని ఎవరు చదవాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూ జరిగిన వర్గపోరాట చరిత్ర. కవులకూ కథకులకూ ఈ చరిత్రతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. పనుందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ఈ కథ ఇంగ్లండు నూలు మిల్లుల్లో మొదలయింది. 1833 ఫ్యాక్టరీ చట్టం నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించింది. పిల్లల పనిగంటలు చూడడం వాళ్ల ప్రధాన విధి. ఐతే వాళ్లు తిరగని రోజున మిల్లులో ఎవరి చెయ్యి తెగినా వాళ్లకు తెలిసే మార్గం లేదు. ఆ లోటు 1844 చట్టం తీర్చింది. యంత్రాలకు కంచె వెయ్యాలన్నది ఆ చట్టమే. ప్రమాదం జరిగితే యజమాని రాసి తెలియజెయ్యాలన్నదీ ఆ చట్టమే.

ఎలాంటి ప్రమాదం? గాయపడ్డ మనిషి మర్నాడు ఉదయం 9 గంటలకల్లా తిరిగి పనిలోకి రాలేనంత దెబ్బ తగిలితే చాలు. 24 గంటల్లోగా యజమాని ఆ ప్రాంతపు సర్టిఫయింగ్ డాక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. గాయపడ్డవాడి ఇల్లెక్కడో, లేకపోతే అతన్ని ఎక్కడికి తరలించారో ఆ కాగితంలో ఉండాలి. డాక్టరు వెళ్లి చూసి, గాయం ఎటువంటిదో, దానికి కారణమేమిటో విచారించి ఇన్‌స్పెక్టరుకు నివేదిక పంపాలి.

ఇక్కడ మనం గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, చట్టం గీసిన గీత. మర్నాటి పొద్దున తొమ్మిది గంటలు. ఒక రాత్రి విశ్రాంతితో మానని గాయమేదైనా సమాజానికి తెలియవలసిన గాయమేనని ఆనాటి చట్టం ఒప్పుకుంది. రెండోది, కారణాన్ని విచారించే పని యజమాని కలానికి వదిలెయ్యలేదు. ప్రమాదం జరిగిందని చెప్పవలసినవాడు యజమాని, ఎందుకు జరిగిందో కనుక్కోవలసినవాడు మరొకడు. పెట్టుబడిదారీ ప్రభుత్వం యజమానుల మీద పెట్టిన చిన్న అపనమ్మకం అది. పది గంటల పనిదినం కోసం కార్మికులు ఏళ్ల తరబడి చేసిన ఆందోళన నేపథ్యంలోనే ఆ అపనమ్మకం చట్టంలోకెక్కింది తప్ప ప్రభువుల దయవల్ల కాదు.

మూడో విషయం ఒకటి వీటికన్నా ముఖ్యమైనది. ఇన్‌స్పెక్టర్ల నివేదికలు ఆరునెలలకొకసారి అచ్చయి పార్లమెంటు ముందుకు వచ్చేవి. అంటే గాయం కాగితమెక్కడమే కాదు, ఆ కాగితం మిల్లు గోడలు దాటి బయటి పాఠకుల చేతికి వచ్చింది. ఆ పాఠకుల్లో ఒకడు కార్ల్ మార్క్స్. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినం గురించీ యంత్రాల గురించీ రాసిన అధ్యాయాలకు ఈ నివేదికలు ఎంత ఆధారమయ్యాయో ఆ పుస్తకం చదివిన వాళ్లకు తెలుసు. లెనార్డ్ హార్నర్ అనే ఇన్‌స్పెక్టరు ఇంగ్లండు కార్మికవర్గానికి చేసిన సేవను మార్క్స్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. యజమానుల చేత బలవంతాన రాయించిన కాగితమే చివరికి ఆ వ్యవస్థ మీద సాక్ష్యమయింది.

2

మరో పాఠకుడు చార్లెస్ డికెన్స్. ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ అనే వారపత్రిక అతనిది. 1854 ఏప్రిల్లో ఆ పత్రికలో హెన్రీ మోర్లీ ‘గ్రౌండ్ ఇన్ ది మిల్’ అనే వ్యాసం రాశాడు. మిల్లుల్లో తిరిగే ఇరుసులూ బెల్టులూ మనుషుల్ని పట్టి లాక్కున్న ఘటనల్ని, ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లో ఉన్నవాటిని, అతను మామూలు పాఠకుడి ముందు పెట్టాడు. ఇరుసులు ఏడడుగుల ఎత్తున ఉంటే కంచె అక్కర్లేదని అప్పట్లో యజమానుల వాదన. ఆ ఎత్తు మీది బెల్టులు సరిచెయ్యబోయినవాళ్లే వాటిలో చిక్కుకుని పోయారన్నది నివేదికలు చెప్పిన సత్యం.

యజమానులు ఊరుకోలేదు. 1855లో ఫ్యాక్టరీదారుల జాతీయ సంఘం పెట్టుకున్నారు. డికెన్స్ ఆ సంఘానికి, పనివాళ్లను నుజ్జుచేసే సంఘమని అర్థం వచ్చే ఎగతాళి పేరు పెట్టాడు. ఐతే యజమానుల తరఫున జవాబు రాసిందెవరు? హారియట్ మార్టినో. బానిసత్వాన్ని ఎదిరించిన రచయిత్రి, అంతకుముందు డికెన్స్ పత్రికలోనే రాసిన మనిషి. ‘ఫ్యాక్టరీ వివాదం’ అన్న పేరుతో ఆమె రాసిన పుస్తకాన్ని ఆ సంఘమే మాంచెస్టరులో ప్రచురించింది. మిల్లుల్లో పనిచేసే లక్షలమందితో పోలిస్తే గాయపడేవాళ్లు బహు కొద్దిమంది అనీ, చాలా గాయాలు పనివాళ్ల నిర్లక్ష్యం వల్లనే జరుగుతున్నాయనీ ఆమె వాదం సారాంశం. ఆ తర్వాత 1856లో వచ్చిన చట్టం కంచెల నిబంధనను సడలించింది. తక్షణ విజయం యజమానులదే అయింది.

సదుద్దేశంగల రచయితలు సైతం ఎటు నిలబడతారన్నది వాళ్ల కరుణను బట్టి కాక, ఏ కాగితాన్ని నమ్ముతారన్నదాన్ని బట్టి తేలుతుందని ఈ వివాదం చెబుతోంది. మార్టినో శాతాలు చూసింది. మోర్లీ ఘటనలు చూశాడు. రెండూ ఒకే నివేదికల్లోనివి.

దీనికి కొసమెరుపుగా ఇంకో సంగతి ఉంది. అదే 1854లో, అదే పత్రికలో డికెన్స్ నవల ‘హార్డ్ టైమ్స్’ ధారావాహికంగా వచ్చింది. అందులో రేచెల్ అనే మిల్లు కూలీ ఉంది. ఆమె చెల్లెలి చేతిని కంచెలేని యంత్రం ఊడబెరికిందన్న ప్రస్తావన ఒకటి ప్రూఫుల దాకా ఉంది. మోర్లీ వ్యాసాన్ని చూడమనే సూచనతో సహా ఉంది. అచ్చయిన నవలలో అది లేదు. స్టీవెన్ బ్లాక్‌పూల్ పాడుబడ్డ గని గుంతలో పడి చనిపోవడం మాత్రం ఉంది. యజమానుల సంఘాన్ని పత్రికలో వెక్కిరించగలిగిన వాడు కూడా నవలలోకి వచ్చేసరికి యంత్రం తెంచిన చేతిని తీసేసి, గుంతలో పడిన మనిషిని ఉంచాడు. ఆ తీసివేతకు కారణమేదైనా కావచ్చు. ఫలితం మాత్రం మనకు తెలిసిందే: కర్త ఉన్న వాక్యం పోయి, కర్త లేని వాక్యం మిగిలింది.

3

మన దేశానికి వద్దాం. 1881లో రిపన్ కాలంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. బొంబాయి మిల్లుల పోటీని తట్టుకోలేని మాంచెస్టరు మిల్లుదారుల ఒత్తిడి దాని వెనక ఉందన్నది చాలామంది చరిత్రకారులు చెప్పిన విషయమే. ఆవిరి వంటి యాంత్రిక శక్తితో నడుస్తూ, నూరుమందికి తక్కువ కాకుండా పనివాళ్లున్న ఫ్యాక్టరీలకే అది వర్తించింది. ప్రమాదాలు తెలియజెయ్యాలన్న నిబంధన అందులోనే ఉంది. ఆ విధంగా మన గడ్డ మీద శ్రామికుని గాయానికి తొలి అధికారిక పాఠం వలస ప్రభుత్వం, మిల్లు యజమాని కలిసి రాసుకున్నది. గాయపడ్డవాడికి అందులో మాట లేదు.

శ్రామికులు తామే రాసిన కాగితం 1884లో వచ్చింది. ఫూలే సత్యశోధక ఉద్యమంలో పెరిగి, ‘దీనబంధు’ పత్రిక నడిపిన నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయిలో మిల్లు కార్మికుల సభలు జరిపాడు. ఐదువేల పైచిలుకు కార్మికులు ఒక విజ్ఞాపన మీద సంతకాలూ వేలిముద్రలూ వేశారు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, నెల జీతం సకాలంలో ఇవ్వడం అందులోని కోరికలు. వాటితోపాటు మరొకటి ఉంది: పనిలో తీవ్రంగా గాయపడ్డవాడికి కోలుకునేదాకా పూర్తి జీతమివ్వాలి, జీవితాంతం పనికిరాకుండా పోయినవాడికి తగిన ఏర్పాటు చెయ్యాలి. చట్టం గాయాన్ని “సమాచారం” అన్నది, కార్మికులు దాన్ని “బాకీ” అన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి వలసపోయిన పద్మశాలీలు బొంబాయి మిల్లుల్లో తరాల తరబడి మగ్గాలు నడిపారు గనక ఇది మన చరిత్ర కూడా.

ఆ బాకీని చట్టం ఒప్పుకోవడానికి 40 ఏళ్లు పట్టింది. కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో ఆమోదం పొంది, 1924 జులై 1 నుంచి అమలయింది. ఆ చట్టంలోనూ ఒక గీత ఉంది. గాయంవల్ల పదిరోజులకు మించి పని పోతేనే పరిహారం. తర్వాత పది ఏడయింది, ఏడు మూడయింది. రోజుల లెక్కలో తేడా చిన్నదే, కాని ఆ ఒక్కొక్క రోజునూ వెనక్కి నెట్టడానికి కార్మికోద్యమానికి దశాబ్దాలు పట్టింది. తాగి ఉన్నాడనీ, భద్రతా నిబంధన కావాలని ధిక్కరించాడనీ, కంచెను కావాలని తీసేశాడనీ రుజువైతే పరిహారం లేదన్న మినహాయింపులు ఆ చట్టంలో ఉన్నాయి. ప్రాణం పోయిన సందర్భంలో ఇవి చెల్లవని తర్వాత సవరించారు. కాని బతికున్నవాడికి చెల్లాయి. అందువల్లనే “ప్రమాదం ఎలా జరిగింది” అన్న గడిలో మొదటి వాక్యం ఎవరు రాశారన్నదాని మీద ఒక కుటుంబం తిండి ఆధారపడింది.

4

గనుల కథ కొంచెం వేరు. 1897లో కోలారు బంగారు గనుల్లో జరిగిన ఘోరం వంటివాటి తర్వాత 1901లో గనుల చట్టం వచ్చింది. 1902 జనవరిలో కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో కొత్త గనుల చట్టం చేశారు. సింగరేణికీ ఝరియాకూ ఒకటే చట్టం.

ఆ చట్టంలోని 23వ సెక్షను సాహిత్య విద్యార్థి చదవదగినది. ప్రాణం పోయినా, తీవ్రగాయమైనా ప్రమాదస్థలాన్ని, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా లేదా అనుమతి ఇచ్చేదాకా, కదిలించకూడదంది. మరో ప్రమాదం రాకుండా చూడడానికీ శవాలను తియ్యడానికీ మాత్రం మినహాయింపు ఉంది. స్థలమే ఒక పత్రం, దాన్ని చెరిపి తిరగరాయకూడదన్నమాట. ఇంకో నిబంధన: అధికారులకు పంపిన ప్రమాద సూచన ప్రతిని కార్మిక సంఘాల వాళ్లు చూడడానికి వీలైన చోట ప్రత్యేకమైన బోర్డుకు అంటించి, 14 రోజులకు తక్కువ కాకుండా ఉంచాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 88వ సెక్షనులో ఇటువంటి మాట లేదు. అక్కడ సూచన యజమాని నుంచి అధికారికి పోతుంది, మధ్యలో కార్మికుడు చదవనక్కర్లేదు. ఈ తేడా కాకతాళీయం కాదు. గని కార్మికుల సంఘబలం కాగితం మీద వదిలిన ముద్ర అది.

చదివే హక్కు ఉన్నంతమాత్రాన చావులు ఆగిపోయాయని నేననడం లేదు. 1975 డిసెంబరు 27న చస్నాలా గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 375 మంది మునిగిపోయారు. మునిగిపోయారా, ముంచారా? విచారణ జరిగింది, నివేదిక వచ్చింది. ఐనా చదవగలిగిన కాగితం ఉన్నచోట అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది. లేనిచోట శోకం మాత్రమే ఉంటుంది.

ఇక 1948 చట్టం గీసిన గీత 48 గంటలది. ప్రాణం పోయినా, గాయం తర్వాత 48 గంటలో అంతకు మించో పనికి రాలేకపోయినా సూచన పంపాలి. ఈ గీతను దాటకుండా ఉండడానికి మార్గం చాలా సులువు. దెబ్బ తగిలినవాణ్ణి మర్నాడే కట్టుతో సహా గేటు దాటించి, ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టి, హాజరు వేస్తే చాలు. అతను పనికి వచ్చాడు, గాయం రాలేదు. కార్ఖానా గేటు దగ్గర “ప్రమాదం లేకుండా గడిచిన రోజులు” అని అంకెలు రాసిన బోర్డులు మనం చూస్తుంటాం. అవి నిజమైన చోట్లూ ఉండవచ్చు. కాని ఆ అంకె తగ్గకూడదన్న పట్టుదల కంచె వెయ్యడానికి దారితీస్తుందో, కలం ఆపడానికి దారితీస్తుందో బోర్డు చూసి చెప్పలేం.

నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక జతచేశారు. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలు 12, ఉంగరపువేలో చిటికెనవేలో ఐతే 7. గిట్టనివాళ్లు ఈ పట్టికను అమానుషమంటారు. నిజానికి కర్త లేని గాయాన్ని లెక్కలోకి తెచ్చిన గెలుపు కూడా అదే. బొంబాయి కార్మికుడు 1884లో బాకీ అన్నది ఇందులో ఇన్ని పాళ్లని తేలింది. ఐతే పట్టికలోకి చేరాలంటే ముందు రిజిస్టరులోకి చేరాలి. రిజిస్టరు యజమాని బీరువాలో ఉంది. 1950 నాటి ఇ.ఎస్.ఐ. నిబంధనలు గాయపడ్డవాడు నోటిమాటగా చెప్పినా చాలునన్నాయి. మంచిదే. కాని నోటిమాట చెప్పేవాడు కార్మికుడు, దాన్ని పుస్తకంలోకి ఎక్కించేవాడు యాజమాన్యం గుమాస్తా. మౌఖికం నుంచి లిఖితానికి మారేటప్పుడు పాఠం ఎంత మారుతుందో జానపద సాహిత్యం చదివినవాళ్లకు వేరే చెప్పాలా?

5

గడియారం చూసి గీసిన గీతకు అందని గాయం ఒకటుంది. అది రోగం. నేను బడిపంతుల్ని గనక బలపం ఉదాహరణ తీసుకుంటాను. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ ప్రాంతంలో బలపాలు కోసే కార్మికుల ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరి సిలికోసిస్ వ్యాధి వచ్చింది. ఎందరో చిన్న వయసులోనే పోయారు. దేశంలో ఎన్ని లక్షలమంది పిల్లలు ఆ బలపాలతో అక్షరాలు దిద్దారో! ఈ గాయం ఏ రోజు, ఏ గంటకు తగిలింది? 48 గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

1948 చట్టం 89వ సెక్షను ఈ చిక్కును గుర్తించింది. సిలికోసిస్, సీసపు విషం వంటి రోగాల జాబితా ఇచ్చి, అవి కనబడితే యజమానే కాక చూసిన డాక్టరు కూడా తెలియజెయ్యాలంది. 1844లో డాక్టరుకు ఇచ్చిన కలం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. ఐతే రోగం పేరు రాయాలంటే రోగి ఎక్కడ పనిచేశాడో అడగాలి. అడగని చోట సిలికోసిస్ క్షయగా నమోదవుతుంది. క్షయ పేదరికపు రోగం, దానికి యజమాని లేడు.

6

భోపాల్ గురించి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ వెలువడి వేలమందిని చంపింది. ఐతే అది ఆ కర్మాగారంలో మొదటి చావు కాదు. 1981 డిసెంబరులో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు అక్కడితో ఊరుకోక, కర్మాగారం లోపలి సంగతులు సేకరించి, 1982లో తన చిన్న వారపత్రిక ‘రపట్’లో రాశాడు. ఊరు అగ్నిపర్వతం మీద కూర్చుందని హెచ్చరించాడు. 1984 జూన్‌లో ‘జనసత్తా’లో మళ్లీ రాశాడు. ‘రపట్’ అంటే ఫిర్యాదు, రిపోర్టు అని అర్థం. చట్టం రాయించవలసిన రిపోర్టును ఒక రచయిత రాశాడు. చదవవలసినవాళ్లు చదవలేదు.

ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీ యజమాని ఆ ప్రమాదాల వివరాలు కార్మికులకూ, అధికారులకూ, చుట్టుపక్కల ప్రజలకూ వెల్లడించాలన్నారు. ఆసన్నమైన ప్రమాదాన్ని గురించి హెచ్చరించే హక్కు కార్మికులకుందని మొదటిసారి చట్టంలో రాశారు. జరిగినదాన్ని యజమాని రాయడం నుంచి, జరగబోయేదాన్ని కార్మికుడు చెప్పడం దాకా రావడానికి 1881 నుంచి 106 ఏళ్లు పట్టింది. మధ్యలో ఒక నగరం ఊపిరి పోయింది.

చెప్పే హక్కు ఉండడం వేరు, వినే చెవి ఉండడం వేరు. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయినప్పుడు, చుట్టుపక్కల ఊళ్లు నిద్రలో ఉన్నాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల కర్మాగారం పేలిపోయినప్పుడు, బయటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కార్మికులు ఎందరో అందులో ఉన్నారు. ఎవరి శవం ఎవరిదో చెప్పడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యవలసి వచ్చింది.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. ప్రమాదం, ప్రమాదకర ఘటన, రోగం తెలియజెయ్యాలన్న బాధ్యతలు అందులోనూ ఉన్నాయి. ఐతే యాంత్రిక శక్తి వాడేచోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనే నిర్వచనం ఇరవైమందికి పెరిగింది. యాంత్రిక శక్తి లేనిచోట ఇరవై నలభై అయింది. ఇన్‌స్పెక్టరు పేరు పక్కన “ఫెసిలిటేటర్” అన్న మాట చేరింది. తనిఖీదారుడు సదుపాయం చేసేవాడూ అయ్యాడు. ఎవరికి సదుపాయమన్నది ఆచరణలో తేలుతుంది. బ్రిటన్‌లో కూడా 2012 నుంచి మామూలు గాయాల విషయంలో తెలియజెయ్యవలసిన హద్దు మూడు రోజులకు మించిన గైరుహాజరు నుంచి ఏడు రోజులకు మించినదానికి మారింది. ఎముకలు విరగడం వంటి తీవ్రగాయాలకు వేరే నియమాలున్నాయి, నిజమే. ఐనా, మర్నాటి పొద్దున తొమ్మిది గంటల దగ్గర మొదలైన గీత ఎక్కడిదాకా జరిగిందో చూడండి. గీత ఎప్పుడూ తనంతట తాను జరగదు. ఎవరో జరుపుతారు.

7

నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ల కిందట మా బడి పిల్లవాడొకడి తండ్రి, మిల్లు బెల్టులో పడి రెండువేళ్లు పోగొట్టుకున్నవాడు, నా దగ్గరకు వచ్చి “మాస్టారూ, ఒక అర్జీ రాసిపెట్టండి” అన్నాడు. నేను రాశాను. “పనిచేయుచుండగా ప్రమాదవశాత్తు నా చేయి బెల్టులో పడి వ్రేళ్లు తెగినవి.” చదివి వినిపించాను. అతను కాసేపు ఊరుకుని, “చెయ్యి పడలేదండీ, బెల్టే లాగేసింది. దానికి రేకు లేదని నేను ముందే చెప్పాను” అన్నాడు.

తెలుగు ఎం.ఏ. చదివిన నాకు కర్తను చూపించింది ఆ మనిషి. అర్జీ తిరిగి రాశాను. దానివల్ల అతనికి పెద్దగా ఒరిగింది లేదు. ఆ మిల్లు పుస్తకంలో ఎనిమిదిమంది పేర్లే ఉన్నాయనీ, పదిమంది లేరు గనక అది ఫ్యాక్టరీయే కాదనీ జవాబు వచ్చింది. కాని మొదటి అర్జీ యజమాని భాషలో ఉందనీ, దాన్ని రాసిన కలం నాదేననీ నేనింతవరకూ మరిచిపోలేదు.

మన అభ్యుదయ కథల్లో శ్రామికుడు చాలాసార్లు చనిపోయాడు. తరచుగా కథ చివర చనిపోయాడు, పాఠకుడి కన్ను చెమర్చింది, కథ అయిపోయింది. అసలు కథ అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. ఆ సాయంత్రం ఆఫీసు గదిలో రిజిస్టరు తెరిచిందెవరు? గాయం ఎన్నో గంటకు తగిలినట్టు రాశారు? సాక్షిగా ఎవరిచేత సంతకం పెట్టించారు? ఆసుపత్రి చీటీలో ఏ మాట రాయించారు? విశాఖ కోర్టుల్లో ప్లీడరుగా చూసినదాన్ని రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’గా రాసి, చట్టమనే కాగితం పేదవాడి బతుకులో ఎట్లా నడుస్తుందో మనకు చూపించాడు. కార్ఖానా రిజిస్టరును అట్లా చదివిన కథలు మనకు బహు తక్కువ.

రచయిత గుమాస్తా కాదనీ, సాహిత్యం రిజిస్టరు కాదనీ ఎవరైనా అనవచ్చు. నేనూ అదే అంటాను. రిజిస్టరు దాచిపెట్టినదాన్ని చెప్పగలిగినప్పుడే సాహిత్యం రిజిస్టరు కాకుండా పోతుంది. అది కూడా “ప్రమాదవశాత్తు” అనే రాస్తే రెండింటికీ తేడా ఏముంది?